బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటే: కాన్పు గదిలో ఏం చూడాలి?

ఆశా_గుణుపురం:
ఎనిమిదో నెల స్కాన్ రిపోర్టులో మెడ చుట్టూ బొడ్డుతాడు (పేగు అనేది దీన్నే) ఒక చుట్టు ఉందని రాసి వస్తే చాలు, మా రాయగడ వైపు ఇంటిల్లిపాదీ గాభరా పడిపోతున్నారు. ఆపరేషనే చేయించాలంటారు కొందరు. చేతులు పైకెత్తి బట్టలు ఆరేసింది, అందుకే ఇలా అయిందంటారు ముసలివాళ్లు. పుట్టాక మేనమామకు గండమని నూనెలో ముఖం చూసే తంతు ఒకటి. అసలు బిడ్డకు ప్రమాదం ఎప్పుడు, ఎలా వస్తుంది?

లేబర్‌రూమ్_సిస్టర్_పర్లాకిమిడి:
ముందు ఆ తల్లి మీద నింద తీసేయండి దీదీ. చేతులెత్తడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బిడ్డ ఉమ్మనీటిలో తిరుగుతూ ఉంటుంది, తాడు మామూలుగా 50–60 సెంటీమీటర్లుంటుంది. నెలలు నిండిన కాన్పుల్లో నూటికి 20 నుంచి 30 మందికి మెడ చుట్టూ ఉంటుంది. ఎక్కువమందికి అది వదులుగా ఉన్న ఒక్క చుట్టే. స్కాన్ నాడు ఉన్నది నొప్పులనాటికి విడిపోవచ్చు, లేనిది కొత్తగా పడనూవచ్చు. ఒక్క చుట్టు చూసి ఆపరేషన్ అక్కర్లేదు. కదలికలు తగ్గితే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి రావాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

పిల్లల_డాక్టర్_బరంపురం:
గొంతు బిగుసుకుని ఊపిరాడదనేది అపోహ. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు, ఆక్సిజన్ తాడులోంచే వస్తుంది. తాడు నొక్కుకుపోవడమే అసలు సమస్య. అందులో ఒక సిర, రెండు ధమనులు ఉంటాయి. సిర గోడ పల్చన, ముందు అదే మూసుకుంటుంది. ధమనులు మాత్రం బిడ్డ రక్తాన్ని మాయలోకి పంపిస్తూనే ఉంటాయి. పోయిన రక్తం తిరిగి రాదు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేదే దాదాపు 240 మిల్లీలీటర్లు. అందులో 60 మాయలో చిక్కుకుపోతే నాలుగో వంతు పోయినట్టే. బిగుతు చుట్టుతో పుట్టిన బిడ్డ కొన్నిసార్లు తెల్లగా పాలిపోయి ఉండేది అందుకే.

ఏఎన్ఎం_పాతపట్నం:
తల బయటికి రాగానే తాడుకు క్లాంపు పెట్టి కోసేయడం చాలాచోట్ల అలవాటు. అది సరేనా?

లేబర్‌రూమ్_సిస్టర్_పర్లాకిమిడి:
అది ఆఖరి మార్గం మేడమ్. భుజాలు ఇంకా లోపలే ఉండగా కోసేసి, ఆ భుజాలు ఇరుక్కుంటే, బిడ్డకు ఇక ఆక్సిజన్ అందే దారే ఉండదు. తల రాగానే వేలుతో మెడ చుట్టూ తడిమి చూడండి. వదులుగా ఉంటే తల మీదుగా జార్చేయండి. తల మీదుగా రాకపోతే భుజాల మీదుగా జారనివ్వండి. అదీ కుదరనంత బిగుతైతే బిడ్డ తలను వంచి ముఖాన్ని తల్లి తొడవైపు ఆనించి, తల అక్కడే ఉండేలా పట్టుకోండి. భుజాలు, నడుము, కాళ్లు పల్టీ కొట్టినట్టు బయటికి వస్తాయి. తాడు సాగదు, ఆ తర్వాత విప్పొచ్చు. ఇవేవీ కుదరకపోతేనే రెండు క్లాంపులు పెట్టి మధ్యలో కోసి, వెంటనే బిడ్డను తీయాలి.

అంతకంటే ముఖ్యం నొప్పుల్లో గుండె చప్పుడు. నొప్పులు జోరందుకున్నాక 15–30 నిమిషాలకోసారి, ముక్కే సమయంలో ఐదు నిమిషాలకోసారి, నొప్పి ఉన్నప్పుడు మొదలుపెట్టి నొప్పి తగ్గాక కూడా, పూర్తిగా ఒక నిమిషం వినాలి. నిమిషానికి 110–160 మామూలు. నొప్పితో గుండె వేగం పడిపోయి వెంటనే పుంజుకుంటే కనిపెట్టుకుని ఉండండి. పుంజుకోవడం ఆలస్యమవుతుంటే తల్లిని ఎడమ పక్కకు తిప్పండి, నొప్పుల డ్రిప్ ఆపండి, డాక్టరును పిలవండి.

పిల్లల_డాక్టర్_బరంపురం:
పుట్టాక ఏడిస్తే కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాలు తాడు కోయకండి, మాయలో చిక్కిన రక్తం కొంత తిరిగొస్తుంది. ఏడవకపోతే వెచ్చటి పొడిగుడ్డతో తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి లేకపోతే మొదటి నిమిషంలోపే బ్యాగు, మాస్కుతో ఊపిరి అందించాలి. నిమిషానికి 40–60 సార్లు, మామూలు గాలితోనే. ఛాతీ లేవడం లేదంటే మాస్కు సరిగ్గా కూర్చోలేదనో, మెడ వంగిపోయిందనో అర్థం. సరిగ్గా గాలి అందినా గుండె నిమిషానికి 60 దాటకపోతేనే ఛాతీ నొక్కాలి, మూడు నొక్కుళ్లకు ఒక ఊపిరి.

ముఖం నల్లబడి, సన్నటి ఎర్రచుక్కలతో ఉండి, నాలుక, ఛాతీ గులాబీగా ఉంటే కంగారు పడకండి, కొద్ది రోజుల్లో పోతుంది. నాలుకే నీలంగా ఉంటే ప్రమాదం. పాలిపోయిన బిడ్డకు రొమ్ము ఎముక మీద ఐదు సెకన్లు వేలు నొక్కి వదలండి. మూడు సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే రక్తం తగ్గిందని అనుమానించాలి. డాక్టరు కిలోకు 10 మిల్లీలీటర్ల సెలైన్ 5–10 నిమిషాలు పట్టేలా నిదానంగా ఎక్కిస్తారు. హిమోగ్లోబిన్ పుట్టగానే మామూలుగానే కనిపించి, కొన్ని గంటల తర్వాత పడిపోవచ్చు, మళ్లీ చూడాలి.

ఏఎన్ఎం_పాతపట్నం:
ఘాటు రోడ్డు మీద పంపాల్సి వస్తే?

పిల్లల_డాక్టర్_బరంపురం:
ఆలస్యంగా ఏడ్చి మందకొడిగా ఉన్నా, పాలు పట్టకపోయినా, మూర్ఛ వచ్చినా నవజాత శిశు యూనిట్‌కు వెంటనే పంపండి. మెదడు దెబ్బతినకుండా ఒళ్లు చల్లబరిచే చికిత్స ఆరు గంటల్లోపు మొదలవ్వాలి, అదీ పెద్దాసుపత్రిలోనే. దారిలో మీరు చల్లబరచవద్దు, వేడీ ఎక్కువ చేయవద్దు. పుట్టిన సమయం, ఎన్ని నిమిషాలకు ఏడ్చింది, బ్యాగు ఎంతసేపు ఇచ్చారు, తాడు ఎన్ని చుట్లు, బిగుతా వదులా, ఇవన్నీ చీటీలో రాసి పంపండి. ఘాటు కింద దూరపు ఊళ్ల గర్భిణులను నెల చివర్లోనే ‘మా గృహ’లో (కాన్పుకు ముందు గర్భిణులు వచ్చి ఉండే ప్రభుత్వ వసతి) చేర్పిస్తే ఈ ప్రయాణమే తప్పుతుంది.

ఆశా_గుణుపురం:
మరి నూనె తంతు?

లేబర్‌రూమ్_సిస్టర్_పర్లాకిమిడి:
మేనమామ వచ్చేదాకా బిడ్డను తల్లి దగ్గర్నుంచి దూరం పెట్టనివ్వకండి. గంటలోపు రొమ్ము పట్టించాలి. వాళ్లు తర్వాత గిన్నెలో నూనె పోసుకుని చూసుకుంటే మనకేం అడ్డులేదు, బిడ్డ ముక్కులో, కళ్లలో మాత్రం ఆ నూనె చుక్క పడకూడదు.