వరుసగా రెండు రాత్రులు ఒకే బ్యాండ్: రెండో రాత్రి ఎక్కడ నిలబడాలి?

ఎన్‌కోర్_దాకా
నిన్న రాత్రి పెర్ల్ జామ్ షో చూశాను. ఈ రాత్రి అదే అరీనాలో రెండో షో, దానికీ టికెట్ ఉంది. పదహారేళ్లుగా వింటున్న బ్యాండ్. కళ్లారా చూడటం మాత్రం నిన్ననే మొదటిసారి. ఆరు గంటలు లైన్లో నిలబడి, స్టేజ్ ముందు అడ్డంగా ఉండే రెయిల్ నుంచి రెండో వరసలో చోటు సంపాదించాను.

ఇప్పుడు బాధ ఏమిటంటే, షోలో సగం నాకు గుర్తు లేదు. లైట్లు ఆరిన క్షణం గుర్తుంది. గాయకుడు ఎడ్డీ వెడ్డర్ మైకు దగ్గరికి రావడం, మైక్ మెక్‌క్రెడీ గిటార్‌ని తల వెనక్కి పెట్టుకుని వాయించడం గుర్తున్నాయి. మధ్యలో వచ్చిన అయిదారు పాటలు ఏ వరసలో వచ్చాయో కూడా చెప్పలేను. ప్రతి పాట మొదలవగానే నా మనసు "అది ఎప్పుడు వాయిస్తారు" అని ఇంకో పాట కోసం ఎదురుచూస్తూ ఉంది. చివరికి ఆ పాట రానే లేదు.

ఈ రాత్రి కూడా అలాగే జారిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మళ్లీ రెయిల్ దగ్గరికే వెళ్లాలా? వరుసగా రెండు రాత్రులు వెళ్లినవాళ్లు మీ అనుభవం చెప్పండి. చెవులు ఇంకా గుయ్‌మంటున్నాయి, అది మామూలేనా?

డెస్క్_పక్కన
ముందు చెవుల సంగతి. గుయ్‌మనడం అంటే చెవి దెబ్బతిన్నట్టే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ మీరు అది తగ్గకముందే రెండో షోకి వెళ్తున్నారు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నయోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. రాక్ షో ఆ 100 చుట్టుపక్కలే నడుస్తుంది, అదీ రెండు గంటలకు పైగా. ఇయర్‌ప్లగ్స్ లేకుండా ఈ రాత్రి లోపలికి వెళ్లకండి. మెత్తటి ఫోమ్‌వి ఎక్కువ ఆపుతాయి గానీ పాట మందంగా వినిపిస్తుంది. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ రకం దొరికితే గొంతు, గిటార్ దేనికది విడిగా తెలుస్తుంది. ఏదీ దొరక్కపోతే ఫోమ్‌వే పెట్టుకోండి. రేపటికి గుయ్‌మనడం తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఇక చోటు. నేను చాలా ఏళ్లు చిన్న బ్యాండ్లకి సౌండ్ చూశాను కాబట్టి చెబుతున్నాను. అరీనాలో పైన వేలాడే పెద్ద స్పీకర్ల గురి మీ తల మీదుగా వెనక వాళ్ల మీదికి ఉంటుంది. రెయిల్ దగ్గర మీకు వినిపించేది స్టేజ్ అంచున ఉన్న చిన్న స్పీకర్లు, స్టేజ్ మీద గిటార్లకి ఉండే ఆంప్‌లు (ఆంప్లిఫయర్లు), నేరుగా వచ్చే డ్రమ్స్. దగ్గరున్న గిటార్ మోగిపోతుంది, అవతలి గిటార్ ఎక్కడో ఉంటుంది, గొంతు మునిగిపోతుంది. సౌండ్ ఇంజనీర్ జనం మధ్యలో ఉండే తన డెస్క్ దగ్గర చెవికి ఏం వినిపిస్తోందో దాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు. అందుకే ఆ డెస్క్‌కి కాస్త ముందు నిలబడితే ఆయన వింటున్నదే మీరూ వింటారు. నిన్న మీరు బ్యాండ్‌ని చూశారు, ఈ రాత్రి వినండి. నా మాట నమ్మండి.

లోబేస్
నాది మెటాలికా బ్యాండ్. 72 సీజన్స్ ఆల్బమ్ వచ్చిన 2023లో మొదలైన టూర్‌లో చాలా ఊళ్లలో రెండేసి రాత్రులు వాయించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏప్రిల్ 27, 29 తేదీలతో మొదలైంది. మొదటి రాత్రి వచ్చిన పాట రెండో రాత్రి రాదు, అదే దాని నియమం. అవి అరీనాలు కావు, స్టేడియాలు. కానీ మీరు అడిగిన దానికి నా దగ్గర జవాబుంది.

స్టేజ్ పెద్ద రింగులా ఉంటుంది, జనం దాని లోపలా బయటా ఉంటారు. చుట్టూ నాలుగు డ్రమ్ కిట్లు ఉంటాయి, లార్స్ ఉల్రిచ్ ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ వాయిస్తాడు. మొదటి రాత్రి ఒక కిట్ ఎదురుగా నిలబడ్డాను. ఆయన అటు వెళ్లిపోయినప్పుడల్లా నాకు వీపే కనిపించేది. రెండో రాత్రి సరిగ్గా అవతలి వైపు నిలబడ్డాను. నిన్నటి రాత్రిలో నాకు కనిపించకుండా పోయిన మనుషులందరూ అప్పుడు ఎదురయ్యారు. ఒక్క రాత్రికే టికెట్ కొన్న నా స్నేహితుడికి మాత్రం తను ప్రాణంగా వినే పాట రెండో రాత్రికి వెళ్లిపోయింది. నేను దాన్ని వింటున్నంతసేపూ వాడే గుర్తొచ్చాడు.

మూడో_అంతస్తు
అన్ని బ్యాండ్లూ పాటలు మార్చవండీ. నేను వెళ్లిన బ్యాండ్ రెండు రాత్రులూ అవే పాటలు, అదే వరస, పాటల మధ్య చెప్పిన మాటలు కూడా అవే. రెండో రాత్రి మూడో పాటకల్లా కళ్లు తడిశాయి, మోసపోయానని.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పెద్ద తెరలు, లైట్లు పాటకి జతగా ముందే ప్రోగ్రామ్ చేసి ఉంటే ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. యూటూ బ్యాండ్ 2015 టూర్‌లో జంట రాత్రులకి రెండు వేర్వేరు షోలు చేస్తామని మొదట చెప్పి, చివరికి చాలావరకు ఒకే షోగా చేశారు. ఆ టూర్ మొదటి రాత్రే, మే 14న వాంకూవర్‌లో, వాళ్ల గిటారిస్టు ది ఎడ్జ్ స్టేజ్ మీంచి పడిపోయాడు. మర్నాడు అక్కడే రెండో షోకి వచ్చి వాయించాడు. అదే సెట్‌లిస్ట్ (పాటల జాబితా) అయినా, నిన్న పడిన మనిషి ఈ రోజు అదే అంచు దగ్గర నడుస్తుంటే చూసేవాళ్లకి అది అదే షో ఎలా అవుతుంది?

నా విషయంలోనూ అంతే. నేను రెండో రాత్రి పై అంతస్తులో కూర్చున్నాను. గాయకుడి గొంతు రెండో రాత్రికి అలిసిపోయింది. పైకి వెళ్లాల్సిన చోట కిందనే పాడి, మిగతాది జనానికి వదిలేశాడు. అరీనా మొత్తం దాన్ని ఎత్తుకుంది. మొదటి రాత్రి ఆ పాట ఎంత బాగా పాడాడో నాకు గుర్తు లేదు గానీ, ఇది మాత్రం మర్చిపోలేదు.

డెస్క్_పక్కన
గొంతు మాట బాగా చెప్పారు. చాలామంది రెండు షోల మధ్య ఒక రోజు ఖాళీ వదిలేది అందుకే. ఆమ్‌స్టర్‌డామ్ తేదీలు కూడా 27, 29 కదా. పూర్తిగా పక్కపక్క రోజుల్లో పాడుతున్నారంటే గాయకుడికి అది పెద్ద శ్రమ.

పదమూడు_రాత్రులు
పేరు చూస్తే తెలుస్తుంది, నేను ఫిష్ అనే అమెరికన్ బ్యాండ్ అభిమానిని. 2017లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అరీనాలో 13 షోలు వాయించారు, ఒక్క పాట కూడా రెండోసారి రాలేదు. మొత్తం 237 పాటలు. అన్నిటికీ వెళ్లలేకపోయాను. వెళ్లిన మూడిటి నుంచి ఒక్కటి నేర్చుకున్నాను: షో అవగానే, ఇంటర్నెట్‌లో సెట్‌లిస్ట్ చూడకముందే, గుర్తున్నది కాగితం మీద రాసుకోవాలి. వరస తప్పినా ఫర్వాలేదు. ఒకసారి జాబితా చూశామంటే, మనకి గుర్తున్నదేదో చదివి తెలుసుకున్నదేదో కలిసిపోతాయి.

మీ బ్యాండ్‌కి ఇంకో సౌకర్యం ఉంది. పెర్ల్ జామ్ 2000లో యూరప్ టూర్ నుంచి 25 షోల రికార్డింగ్‌లు తామే విడుదల చేసింది. ఆ అలవాటు అప్పటి నుంచీ కొనసాగుతోంది. మీ మొదటి రాత్రిది వస్తే తెప్పించుకోండి, కానీ ముందు రాసుకోండి.

లోబేస్
నీళ్లు తాగండి. మెత్తని బూట్లు వేసుకోండి. ఈ రాత్రి లైన్లో ఆరు గంటలు వద్దు, ఆ శక్తి షోకి ఉంచుకోండి.

ఎన్‌కోర్_దాకా
అందరికీ థాంక్స్. ఇప్పుడే గదికి వచ్చాను, వెంటనే రాస్తున్నాను.

తలుపులు తెరిచిన గంట తర్వాత వెళ్లాను. సౌండ్ డెస్క్ ముందు పది అడుగుల దూరంలో నిలబడ్డాను, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్‌తో. జెఫ్ ఆమెంట్ బేస్ నిన్న నాకు కాళ్ల కింద అదురులా మాత్రమే తెలిసింది. ఈ రోజు ఆయన ఏ స్వరం నుంచి ఏ స్వరానికి వెళ్తున్నాడో వినిపించింది. వెడ్డర్ పాడే మాటలు ఒక్కొక్కటీ అర్థమయ్యాయి. నిన్న వచ్చిన పాటలు కొన్ని మళ్లీ వచ్చాయి. వాటిలో ఒకటి నిన్న విన్నానన్న సంగతి కూడా అది మొదలయ్యాకే గుర్తొచ్చింది.

నేను ఎదురుచూసే పాట ఈ రాత్రీ రాలేదు. మూడోవంతు షో అయ్యేసరికి దాని గురించి ఆలోచించడం మానేశాను.

చివరి పాటలకి ఈ బ్యాండ్ అరీనా లైట్లన్నీ వేయిస్తుంది కదా. నిన్న కూడా వేశారట, నేను స్టేజ్ వైపు తప్ప ఎటూ చూడలేదు. ఈ రోజు నా ముందున్న వేలమంది చేతులు, పై అంతస్తుల్లో నిలబడి పాడుతున్న ముఖాలు, అన్నీ కనిపించాయి. నా పక్కన ఒక పెద్దాయన, ఆయన కూతురు భుజాల మీద చేతులు వేసుకుని పాడుతున్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసి చెయ్యి చాపింది. నేనూ కలిశాను.

పదిహేడు పాటలు రాసుకున్నాను, ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. రేపు ఉదయం నిన్నటివి కూడా రాస్తాను. డెస్క్_పక్కన గారూ, ఆ ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ చెవి కొలతకి చేయించుకోవాలా, మామూలువి సరిపోతాయా? వచ్చే టూర్‌కి ఇప్పటి నుంచే సిద్ధం అవ్వాలని ఉంది.