స్టీమ్‌పంక్‌లో మొదట ఏది చెప్పాలి?

ఇత్తడిచక్రం:
మా అక్క కూతురికి 14 ఏళ్లు. సెలవుల్లో సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్తే ఆ పాత గడియారం ముందే పాతుకుపోయింది. గంట కాగానే బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్తుంది కదా, అది చూశాక ఇంకో గంట అక్కడే కూర్చుని మళ్లీ చూసింది. దారిలో "ఇలాంటి యంత్రాలున్న కథలు ఉంటాయా మావయ్యా?" అని అడిగింది. స్టీమ్‌పంక్ అని ఒక రకం ఉందని, ఆవిరి యంత్రాల కాలాన్ని వేరేగా ఊహించుకునే కథలని చెప్పాను. ఇప్పుడు మొదట ఏది చేతికివ్వాలి? మొదటిది కుదరకపోతే మళ్లీ ఆ వైపు చూడదేమోనని నా భయం.

పొగబండి:
గిబ్సన్, స్టెర్లింగ్ కలిసి 1990లో రాసిన 'ది డిఫరెన్స్ ఇంజిన్'. ఇంకో మాట లేదు. చార్లెస్ బాబేజ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త తలపెట్టిన లెక్కల యంత్రానికి బ్రిటిష్ ప్రభుత్వం ఏళ్ల తరబడి డబ్బిచ్చి, 1842లో చేతులెత్తేసింది. యంత్రం పూర్తి కాలేదు. పూర్తయి ఉంటే 1855 నాటి లండన్ ఎలా ఉండేదన్నదే ఈ నవల. ఊహ కూడా గాల్లోది కాదు. లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో ఆయన గీసిన బొమ్మల ప్రకారమే ఒక యంత్రం కట్టి చూశారు. పనిచేసింది! ఈ పునాది లేకుండా మిగతావి చూస్తే స్టీమ్‌పంక్ వేషాల టోపీలు, గాగుల్స్ తప్ప ఏమీ మిగలవు.

వానకోయిల:
పొగబండి గారూ, 14 ఏళ్ల పిల్లకి ఆ పుస్తకమా? హాస్టల్‌లో మా సీనియర్ ఒకాయన నాకూ అదే ఇచ్చాడు. మూడు అధ్యాయాలకే తల తిరిగిపోయింది. అర్థం కాలేదంటే "నీకు టేస్ట్ లేదు" అన్నాడు. ఎనిమిదేళ్లు ఈ కథల జోలికే పోలేదు నేను.

మళ్లీ లాక్కొచ్చింది జపాన్ దర్శకుడు మియజాకి 1986లో తీసిన యానిమేషన్ సినిమా 'లాపుటా'. వేల్స్‌లో బొగ్గు గనుల ఊళ్లు తిరిగొచ్చి తీశాడాయన. ఆ గనుల ఊరి రాత్రి గుర్తుందా? ఆకాశంలోంచి ఒక అమ్మాయి దూదిపింజలా దిగుతుంటుంది. పిల్లవాడు చేతులు చాపి పట్టుకుంటాడు. మెడలో రాయి వెలుగు ఆరగానే ఒక్కసారిగా ఆమె బరువంతా చేతుల మీద పడి, వాడు పళ్లు బిగపట్టి నిలదొక్కుకుంటాడు. ఇదే చూపించండి.

పొగబండి:
మీరే చెప్పారు, రాయి వెలుగు అని. సినిమాలో లాపుటా అనే కోట గాల్లో తేలేది మంత్రపు రాయి వల్ల. ఆవిరి ఎక్కడ? అది మంచి జానపద కథ. స్టీమ్‌పంక్ కాదు.

రైలుపట్టా:
'హ్యూగో' చూపించండి, 2011ది. రైల్వేస్టేషన్ గడియారాల వెనక బతికే పిల్లవాడు, బొమ్మ గీసే మరమనిషి. గడియారం నచ్చిన పిల్లకి అదే కరెక్ట్.

వానకోయిల:
ఆవిరి ఎక్కడా అంటున్నారు, ఆ అమ్మాయి దిగిన వెంటనే ఏం జరుగుతుందో మళ్లీ చూడండి. పైపుల్లోంచి ఆవిరి చిమ్ముతుంటే మేస్త్రీ దానితో కుస్తీ పడుతూ, గనిలోంచి మనుషుల్ని పైకి తెచ్చే ఇంజిన్‌ని ఈ పిల్లవాడికి అప్పజెబుతాడు. వాడు బ్రేకు పట్టుకుని నడుపుతాడు. సీనంతా ఆవిరే కదండీ!

పొగబండి:
ఒక్క సీను.

గోదావరిగట్టు:
లండన్ అంటారు, జపాన్ అంటారు. మనవాడొకడు ఉన్నాడు కదా! ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1870 నవలలో నాటిలస్ అనే జలాంతర్గామి నడిపే కెప్టెన్ నెమోది ఏ దేశమో చెప్పడు. 'ది మిస్టీరియస్ ఐలాండ్' 1875లో పూర్తయ్యేసరికి గుట్టు విప్పుతాడు. ఆయన ప్రిన్స్ డక్కర్, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, 1857 తిరుగుబాటులో పోరాడినవాడు. అదే వెర్న్ 1880లో ఇంకో కథ రాశాడు. ఏనుగు ఆకారంలో ఆవిరి బండి, వెనక రెండు ఇళ్లు. అందులో కూర్చుని దొరలు మన దేశంలో షికారు చేస్తారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే యంత్రం ఎవరి చేతిలో ఉందన్న అసలు విషయం పిల్లకి తెలుస్తుంది.

పొగబండి:
నాటిలస్ కరెంటుతో నడుస్తుంది. ఆవిరితో కాదు.

గోదావరిగట్టు:
ఆవిరి, ఆవిరి, ఆవిరి! ఆవిరి ఎక్కడినుంచి వస్తుందో తెలుసా మీకు? మా తాత బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మ్యాన్. పారతో బొగ్గు వేసీ వేసీ ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగిపోయింది. మోచేతి దాకా నిప్పురవ్వల మచ్చలు. అన్నం తినేటప్పుడు చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టేవాణ్ణి. పోయిన ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫెస్ట్‌లో స్టీమ్‌పంక్ వేషమని ఒకతను దొర టోపీ, ఇత్తడి కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు. వెనక ఇంకో కుర్రాడు తలపాగాతో గొడుగు పట్టుకున్నాడు. ఫస్ట్ ప్రైజ్ వాళ్లకే! మా అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చింది. మీ 1855 లండన్‌లో మా తాతకి చోటెక్కడుందో చెప్పండి. పంక్ అంటే తిరుగుబాటు కదా, ఆ పేరెందుకు మరి?

పొగబండి:
పేరు సంగతంటే, రచయిత జీటర్ 1987లో లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి రాసిన ఉత్తరంలో, కంప్యూటర్ల కథలకి వాడే సైబర్‌పంక్‌కి జోడీగా పెట్టిన మాట అది. అందులో తిరుగుబాటు ఏమీ లేదు.

వేషం సంగతి చదివి బాధేసింది. అయినా నేను ఆవిరినే ఎందుకు పట్టుకు వేలాడతానో చెప్పాలి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాల్వు విప్పి, తుడిచి, బిగించి చూపించేవారు. ఏది కదిలితే ఏది తిరుగుతుందో కంటికి కనబడేది. ఇవాళ నా ఫోన్ పాడైతే విప్పే దారే లేదు, కొత్తది కొనుక్కోమంటారు. విప్పి చూడగలిగే యంత్రాల కథలు ఇవొక్కటే మిగిలాయి నాకు. ఆ పిల్ల గడియారం ముందు గంటసేపు కూర్చుందంటే దాని లోపల ఏముందోనని. ఆ ఆశ మీద మొదటిరోజే కోపం రుద్దకండి.

గోదావరిగట్టు:
మొదటిరోజు చెప్పకపోతే తర్వాత ఎవరూ చెప్పరు. నాకు స్కూల్లో పొగబండి గురించి పాఠం ఉంది. బొగ్గు వేసినవాడి గురించి లేదు.

వానకోయిల:
గోదావరిగట్టు గారూ, మీరు చదవాల్సింది నీసి షాల్ నవల 'ఎవర్‌ఫెయిర్', 2016ది. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ రబ్బరు కోసం మనుషుల చేతులు నరికించిన కాలం. ఈ కథలో అక్కడి జనం ఆవిరి యంత్రాలు సంపాదించుకుంటారు. పోయిన చేతుల స్థానంలో ఇత్తడి చేతులు బిగించుకుంటారు. ఇత్తడి అక్కడ అలంకారం కాదు. పెద్దవాళ్ల పుస్తకం, పిల్లకి ఇప్పుడే వద్దు.

గోదావరిగట్టు:
తెప్పించుకుంటాను. థాంక్సండీ.

ఇత్తడిచక్రం:
అందరికీ నమస్కారం. ఆదివారం 'లాపుటా' పెట్టాను. పొగబండి గారూ, గని ఇంజిన్ సీను దగ్గర ఆపి మూడుసార్లు వెనక్కి తిప్పింది. ఆ బ్రేకు ఎలా పట్టుకుంటుందని అడిగింది, నాకు రాలేదు. నెమో కథ రాత్రి నోటితో చెప్పాను, మిగతాది రోజూ అడుగుతోంది.

పొగబండి:
తిరిగే డ్రమ్ము చుట్టూ పట్టీ ఉంటుంది. మీట లాగితే అది బిగుసుకుని, రాపిడికి డ్రమ్ము ఆగుతుంది. సైకిల్ తిరగేసి చక్రం తిప్పి, టైరుని గుడ్డతో పట్టుకోమనండి, తెలుస్తుంది. చువ్వల్లో వేళ్లు పెట్టనివ్వకండి. నాటిలస్ కరెంటుదని కూడా చెప్పండి.

ఇత్తడిచక్రం:
చెప్తాను. గోదావరిగట్టు గారూ, వచ్చే నెల ధవళేశ్వరం ఆనకట్ట చూడ్డానికి అటు వస్తున్నాం. మీ తాతగారి పార ఇంకా ఉందా?

గోదావరిగట్టు:
పార షెడ్డుది, తిరిగి ఇచ్చేశారు. టోపీ ఉంది, అంచు కాలింది. రండి, చూపిస్తాను.