‘హోల్డాన్’ ఒకసారే, ‘రైట్’ మాత్రం రెండుసార్లు: ఎందుకు?

అడిగినవారు: సిటీ బస్సు మాటలు పోగుచేస్తున్నాను. ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’ ఇంగ్లీషు నుంచి వచ్చాయని తెలుసు. ‘పోనియ్’, ‘ఆపు’ అని మన మాటలు ఉండగా ఇవి ఎందుకు నిలబడ్డాయి? ఒకటి జంటగా, ఒకటి ఒంటిగా ఎందుకు? హైదరాబాద్ రూట్లలో పనిచేసి రిటైరైనవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, చెప్పండి.

విశ్రాంత కండక్టర్: మాటకంటే ముందు బెల్లు చూడండి. ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. దీన్ని తిరగేసి పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇప్పుడున్న పద్ధతిలో రెండు కొట్టినప్పుడు ఒకటి వినపడకపోతే బండి ఆగి ఉంటుంది, అంతే. అర నిమిషం పోతుంది. అదే రెండు బెల్లులు ఆగడానికైతే, ఒకటి తప్పిపోయినప్పుడు బండి కదులుతుంది, మెట్టు మీద కాలు పెట్టినవాడు చక్రం కిందికి పోతాడు. పొరపాటు జరిగినా ఆగే వైపే జరగాలి. నోటిమాట కూడా ఆ లెక్కలోనే పడింది: రైట్ రెండు, హోల్డాన్ ఒకటి. ఒక్క ‘రైట్’ విని బండి తీసే డ్రైవర్‌ని కండక్టర్లు ఇష్టపడరు.

గ్యారేజీలో చేసినవారు: బెల్లు తప్పడం తరచుగా జరిగేదే. తాడు టాపు కింద రింగుల్లోంచి వెనక నుంచి ముందుకు పోతుంది. జనం పట్టుకుని వేలాడితే సాగుతుంది. సాగిన తాడు గుంజితే సగం గుంజుడు వదులు తీయడానికే సరి, గంట దాకా రాదు. తెగినచోట ముడి వేస్తే ఆ ముడి రింగులో ఇరుక్కుంటుంది. ఒకసారి మోగి రెండోది మోగదు. సరైన పని ముడి కాదు, తాడు మొత్తం మార్చడం. అప్పటిదాకా కండక్టర్‌కి గొంతు, లేదా బాడీ రేకు మీద అరచెయ్యి.

విశ్రాంత డ్రైవర్: ‘ఆపు’తోని తిప్పలేందో నేను చెప్తా. పాత బండ్లల్ల ఇంజను డ్రైవర్ పక్కన్నే బానెట్ కింద ఉంటది. ఫస్టు, సెకండు గేర్ల మోత ఎక్కువ, బండి స్టాపు నుంచి లేసేది గూడ ఆ గేర్లల్లనే. వెనక మెట్ల కాడికెల్లి ‘ఆపు’ అంటే మొదటి ముక్కనే చెవుల పడ్తది. ‘ఆపు’, ‘ఆపకు’, ‘ఆపొద్దు’ అన్నీ ఒక్కతీరుగ మొదలైతయి. తోక ఇనబడకపోతే అర్థం ఉల్టా. ‘పోనియ్’, ‘పోనియ్యకు’ గూడ గంతే. హోల్డాన్‌కు అసొంటి తోక లేదు. పైంగ ‘హో’ని ఎంత పొడుగన్న లాగొచ్చు, గొంతు ముంగటి దాకా వస్తది.

భాషాభిమాని: మంచి మాట చెప్పారన్నా. మన క్రియలో కాదనడం చివర అతుక్కుంటుంది, మోతలో ముందు పోయేది ఆ చివరే. పుట్టుక గురించి నాదో ఊహ. 1932లో నిజాం రాష్ట్రంలో సర్కారు బస్సులు మొదలైంది రైల్వే కిందే, 27 బస్సులతో. రైలు గార్డు చెప్పే ‘రైట్’ అక్కడ నుంచే బస్సెక్కిందేమో?

విశ్రాంత కండక్టర్: ఊహ బాగుంది గానీ చాలదండీ. అరవ కండక్టర్ ‘పోలాం రైట్’ అంటాడు. అక్కడ నిజాం రైల్వే లేదు. ఆంధ్ర ప్రాంతం బస్సుల్లోనూ ఇవే మాటలు. ఒక్క ఊరి నుంచి పాకినట్టు లేదు.

విశ్రాంత డ్రైవర్: ఇంకోటి రాసుకోండ్రి. రివర్స్‌ల ‘రైట్’ అనొద్దు. డ్రైవర్ స్టీరింగ్ కుడికి కొడ్తడు! డిపోల, బస్‌స్టేషన్ల బండి ఎనుకకు తీసేటప్పుడు ‘రానీ రానీ’ అంటరు, లేకుంటే రేకు మీద చిన్నగ దరువేస్తరు. దరువు నడిచినంతసేపు బండి రావాలె. గట్టిగ ఒక్క చరుపు చరిస్తే హోల్డాన్. దరువు ఊరికె ఆగినా ఆపాలె, ఎందుకంటే కొట్టెటాయన బండికి, గోడకు నడుమ ఇరికిండేమో తెల్వది. ఆ మనిషి అద్దంల కనబడే దిక్కే నిలవడాలె. బండి ఎనుక నడిమిట్ల నిలవడేది తప్పు.

అడిగినవారు: ‘టికెట్ కొట్టడం’ పంచ్ నుంచి వచ్చిందే కదా?

విశ్రాంత కండక్టర్: అవును. ట్రేలో ఒక్కో రేటుకు ఒక్కో కట్ట ఉండేది. చించి, స్టేజీ (చార్జీ మారే చోటు) నంబరు మీద పంచ్ కొట్టి ఇచ్చేవాళ్లు. టికెట్లు ముద్రించే టిమ్ మిషన్ వచ్చాక కొట్టేది మీటలే అయినా మాట పోలేదు. దానికి తోడు మాట ‘ఎస్సార్ క్లోజ్ చేయడం’. స్టేజీ రాకముందే ప్రతి కట్టలో పై టికెట్ నంబరు ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాయాల్సి ఉండేది. కిందటి స్టేజీలో 340, ఇప్పుడు 362 అంటే ఆ రేటువి 22 పోయాయన్నమాట. చెకింగ్‌వాళ్లు ఎక్కి తలలు లెక్కపెట్టి దీంతో సరిచూసేవాళ్లు. రద్దీలో టికెట్లు పూర్తికాకపోతే స్టేజీకి ముందే హోల్డాన్ చెప్పి, బండి పక్కకు పెట్టించి, అందరికీ కొట్టాకే రైట్ చెప్పాలి. ప్రయాణికులు తిట్టుకుంటారు. తిట్లు పడొచ్చు, టికెట్ లేని మనిషి చెకింగ్‌కి దొరికితే మెమో కండక్టర్‌కే వస్తుంది. మీ పట్టికలో హోల్డాన్‌కి ఈ వాడుక కూడా చేర్చండి.

అడిగినవారు: ఇలా రాస్తున్నా: “రైట్ రైట్: బండి కదపమని కండక్టర్ గానీ ప్రయాణికులు గానీ డ్రైవర్‌కు చెప్పే మాట. హోల్డాన్, ఓల్డాన్: ఆపమని చెప్పే మాట.”

విశ్రాంత డ్రైవర్: మొదటిదాంట్ల ‘ప్రయాణికులు’ కొట్టెయ్యండ్రి. హోల్డాన్ ఎవరన్నా ఆపాలె, చిన్న పిలగాడన్నా సరే. రైట్ మాత్రం కండక్టర్‌దే. ముంగటి డోరుల ఎక్కిన ఆమె ‘రైట్ రైట్’ అంటది, ఆమెకు ఎనుక మెట్లు కనబడయి. ఆ మాట పట్టుకొని బండి తీసినంక ఎవలన్న పడితే కేసు డ్రైవర్ మీదనే.