జోడ్ల కథలో ఈ కాలానికి పనికొచ్చేది: మంచితనమా, కూలి లెక్కా?

పాతపుస్తకం:
స్టయిన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939) గురించి ఒక మాట తేల్చుకుందామని ఈ చర్చ పెడుతున్నాను. ఓక్లహోమాలో కౌలు చేసుకునే జోడ్ కుటుంబం భూమి పోగొట్టుకుని, పాత హడ్సన్ కారుని ట్రక్కులా మార్చుకుని, 66వ నంబరు రహదారి మీద కాలిఫోర్నియా పళ్లతోటలకి వలసపోతుంది. కష్టమొస్తే లేనివాళ్ల దగ్గరికే వెళ్లాలి, ఆదుకునేది వాళ్లే అంటుంది జోడ్ల అమ్మ. నా దృష్టిలో నవలకి గుండెకాయ ఆ మాటే, ఈ రోజుల్లో మనం నేర్చుకోవాల్సిందీ అదే. కాదనేవాళ్లు ఉన్నారా?

కూలిలెక్క:
నేను కాదంటాను. గుండెకాయ 16వ అధ్యాయంలో ఉంది. దారిలో ఒక బస దగ్గర చిరిగిన బట్టల మనిషి లెక్క కట్టి చెబుతాడు: తోట యజమానికి కావలసింది 800 మంది. అతను 5,000 కరపత్రాలు వేయిస్తాడు. వాటిని 20,000 మంది చూస్తారు, రెండు మూడు వేల మంది బయల్దేరతారు. అక్కడికి చేరేసరికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు, వెనక్కి పోలేరు. ఒక్కో పనికి ముగ్గురు నిలబడితే ఇంకేం బేరం? ఎవరి పిల్లలు ఎక్కువ ఆకలితో ఉంటే వాళ్లు తక్కువకి ఒప్పుకుంటారు, మిగతావాళ్లకీ అదే రేటు పడుతుంది.

కరపత్రంలోని అంకె అబద్ధం కాదు, 800 మంది కావాలన్నది నిజమే. ఎన్ని కరపత్రాలు పంచారో చెప్పలేదు, అంతే. ఇప్పటి పని ప్రకటనల్లోనూ ఖాళీలెన్నో ఉంటుంది, ఎంతమందికి కబురు పెట్టారో ఉండదు. ఊరు వదిలి వెళ్లేవాడికి ముందు తెలియాల్సింది ఆ రెండో అంకె.

వెన్నెలదారి:
లెక్క ఒప్పుకుంటాను. మరి కాలిఫోర్నియాలో జోడ్లు కొన్నాళ్లు ఉన్న వీడ్‌ప్యాచ్ ప్రభుత్వ శిబిరం సంగతి? వారానికి డాలరు అద్దె. అది లేకపోతే చెత్త ఎత్తి, శుభ్రం చేసి తీర్చుకోవచ్చు. కమిటీని అక్కడుండేవాళ్లే ఎన్నుకుంటారు. వారెంటు లేనిదే పోలీసు లోపలికి రావడానికి లేదు. మళ్లీ మనుషుల్లా అనిపిస్తోందని జోడ్ల అమ్మ అనేది అక్కడే. ఒకరినొకరు చూసుకునే పద్ధతి పనిచేస్తుందని రచయిత చూపించినట్టే కదా!

కూలిలెక్క:
శిబిరం మంచిదే. అయినా జోడ్లు అక్కణ్నుంచి ఎందుకు వెళ్లిపోయారు? నెల గడిచినా వాళ్ల కొడుకు టామ్‌కి దొరికింది 5 రోజుల పని. పిండి ఇంకో రెండు రోజులకే ఉంది. మర్యాదకి లోటు లేదు, కూలే లేదు.

ఆ కూలి ఎవరి చేతిలో ఉందో 22వ అధ్యాయంలో తెలుస్తుంది. థామస్ అనే చిన్న రైతు గంటకి 30 సెంట్లు ఇస్తుంటాడు. 25కి దించమని రైతుల సంఘం చెబుతుంది. సంఘాన్ని నడిపేది బ్యాంకు. మాట వినకపోతే వచ్చే ఏడు పంట అప్పు పుట్టదు. థామస్ సిగ్గుపడుతూనే దించుతాడు.

ఇక పాతపుస్తకం గారు చెప్పిన జోడ్ల అమ్మ మాట ఎక్కడ వస్తుందో చూడండి. శిబిరం వదిలాక వాళ్లు చేరిన హూపర్ తోటలో పీచ్ పళ్లు కోస్తే పెట్టెకి 5 సెంట్లు. పళ్లు నలిగాయని టామ్ మొదటి పెట్టెని లెక్కలోకే తీసుకోరు. సాయంత్రానికి ఇంటిల్లిపాదీ కలిసి 20 పెట్టెలు, అంటే ఒక డాలరు. అదీ డబ్బుగా రాదు, తోటలోని కొట్టులో చెల్లే చీటీగా వస్తుంది. అక్కడ ఖీమా పౌండు 20 సెంట్లు. టౌన్లో చవకే, కానీ పోయిరావడానికి గాలన్ పెట్రోలు కావాలి. కొట్టు ధర ఆ పెట్రోలు చూసుకునే పెట్టారు. డాలరు అయిపోయాక జోడ్ల అమ్మకి చక్కెర కొనడానికి 10 సెంట్లు తక్కువ పడతాయి. గుమాస్తా తన జేబులోంచి తీసి గల్లాలో వేస్తాడు. ఆవిడ ఆ మాట అనేది అప్పుడే. గుమాస్తా మంచివాడు, అయినా మాంసం ధర దిగలేదు.

పాతపుస్తకం:
ఆ 10 సెంట్లని అంత తేలిగ్గా తీసేయకండి. అతనూ జీతగాడే, ఉద్యోగం పోతుందన్న భయం అతనికీ ఉంది. అదే తోట గేటు బయట, జోడ్లతో కలిసి వలస వచ్చిన మాజీ ప్రబోధకుడు కేసీ సమ్మె నడుపుతున్నాడు. 5 సెంట్లని పిలిచి రెండున్నర ఇస్తామన్నారని వాళ్ల గొడవ. తెలియకుండానే సమ్మెని దెబ్బతీసే పనిలో చేరింది జోడ్లే! సమ్మె విరిగాక రేటు రెండున్నరకే పడింది. పక్కవాడి కోసం జేబులో చెయ్యి పెట్టే గుణం లేకపోతే సమ్మె ఒక్క పూట కూడా నిలవదు. మీ లెక్క మారాలంటే ముందు కావాల్సింది ఆ గుణమే.

నాగలి:
ఇద్దరూ నవలనే చరిత్రగా పట్టుకున్నారు, అక్కడే నా అభ్యంతరం. నవలలో జోడ్ల పంటని దుమ్ము కప్పేస్తుంది, కానీ వాళ్ల ఊరు సాలిసా ఓక్లహోమాకి తూర్పు కొసన ఉంది. పెద్ద దుమ్ము తుఫాన్లు రేగింది పడమటి కొసన. అంతకంటే పెద్ద లోటు, ఆ తోటల్లో అంతకుముందు నుంచీ పనిచేస్తున్న మెక్సికన్, ఫిలిపినో కార్మికులు కథలో దాదాపు కనబడరు.

1933 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో పత్తి సమ్మె జరిగింది. అందులో ఎక్కువమంది మెక్సికన్లే. వాళ్లు 100 పౌండ్ల పత్తికి డాలరు అడిగారు, భూస్వాములు 60 సెంట్లన్నారు, చివరికి 75 దగ్గర తెగింది. ఆ 15 సెంట్లు కలిసి నిలబడినందుకే వచ్చాయి. ఇందులో పాతపుస్తకం గారి మాటా ఉంది, కూలిలెక్క గారి మాటా ఉంది.

చట్టం సంగతీ చూడండి. యూనియన్ హక్కులిచ్చిన 1935 చట్టం పొలం కూలీలని వదిలేసింది. కనీస వేతనం తెచ్చిన 1938 చట్టమూ అంతే. 1966లో పెద్ద పొలాల్లో పనిచేసేవాళ్లలో కొందరికి కనీస వేతనం వర్తించింది. కాలిఫోర్నియా సొంతంగా యూనియన్ చట్టం చేసింది 1975లో, అంటే నవల వచ్చిన 36 ఏళ్లకి.

కూలిలెక్క:
నాగలి గారూ, మెక్సికన్ల విషయం ఒప్పుకుంటున్నాను, నేను వదిలేయకూడనిది. 75 సెంట్ల సంగతికి ఒకటి కలపాలి. 27వ అధ్యాయంలో పత్తి తూచే చోటు చూడండి: తక్కెడలో మోసం ఉందని కూలీల అనుమానం, సంచిలో రాళ్లు వేశారని తూచేవాడి అనుమానం. రేటు ఎంత తెచ్చుకున్నా కాటా దగ్గర పోతే ఏం మిగులుతుంది? తూకం దగ్గర కూలీల తరఫున ఒక మనిషి నిలబడాలి. పాతపుస్తకం గారూ, ఆ మనిషిని ఎలా నిలబెట్టాలో మీరు చెప్పండి, వింటాను.