నల్లమల సఫారీకి అమ్మానాన్నలతో ఎప్పుడు వెళ్లాలి?

ఉప్పల్ వాసి: శ్రీశైలం దర్శనం అయ్యాక నల్లమల అడవిలోని బైర్లూటి క్యాంపులో ఒక రాత్రి ఉండి, జీపు సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. మాతో అమ్మానాన్న, ఎనిమిదేళ్ల పాప వస్తారు. పాపకి పులిని చూడాలని ఒకటే పట్టు. ఆగస్టులో అడవి పచ్చగా ఉంటుంది కదా, అప్పుడు వెళ్దామా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, జీపులో కుదుపులకి తట్టుకుంటుందో లేదోనని టెన్షన్.

ఆత్మకూరు నుంచి: ఆగస్టు వద్దండీ. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. నన్నడిగితే ఫిబ్రవరి. నల్లమలది ఆకు రాల్చే అడవి. అక్టోబరులో పచ్చదనం చూడ్డానికి బాగుంటుంది గానీ, దారి పక్కన గడ్డి నిలువెత్తు ఉంటుంది, పక్కనే దుప్పి నిలబడ్డా తెలీదు. ఆకు రాలాక చూపు లోపలిదాకా పోతుంది, జంతువులూ నీటి గుంటల దగ్గరికొస్తాయి.

పులి కనబడకపోవచ్చని పాపకి ముందే చెప్పండి. నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల రిజర్వు, అంత అడవిలో పులులు పలచగా తిరుగుతాయి. కానీ పులి ఉందని మిగతా జంతువులే చెప్పేస్తాయి. మొన్న వేసవిలో మా చెంచు డ్రైవరు వాగు దగ్గర బండి ఆపి ఇంజన్ కట్టేశాడు. చెట్టు చివర కొండముచ్చు ఖక్, ఖక్ అని దగ్గుతోంది. కింద దుప్పులన్నీ ఒకే వైపు చెవులు రిక్కించి, ముందుకాలితో నేలను తన్నుతున్నాయి. దుమ్ములో అడుగు చూపించాడు. మడమ వెనక మూడు ఉబ్బులు, గోళ్ల గుర్తు లేదు. "కుక్కదైతే గోళ్లు పడతాయి సార్" అన్నాడు. పులి బయటికి రాలేదు, మా గుండెలు మాత్రం దడదడలాడాయి. అందుకే డ్రైవరు ఆపిన చోట ఆగండి, ఇంకో పాయింటుకి పోనివ్వమని తొందరపెట్టకండి.

నంద్యాల టీచర్: పాపకి ఈ సంగతి కూడా చెప్పండి. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మెరిసే నీలిరంగు పెద్ద సాలీడు ఉంది, చెట్టు తొర్రల్లో ఉంటుంది. 1899లో గుత్తిలో దొరికిందని లోకమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. పెంచుకోవడానికి పట్టుకుపోయేవాళ్ల వల్ల దానికి చాలా ముప్పు. ఎప్పుడైనా కంటబడితే ఫొటోతోపాటు చోటు పేరు పెట్టకండి, దయచేసి.

హైవే బాబాయ్: అమ్మగారిని డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టండి, వెనక కుదుపులు ఎక్కువ. హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, దానికి తగ్గట్టు బయల్దేరండి.

ఉప్పల్ వాసి: ఫిబ్రవరి ఖాయం చేశాం. నాన్నకి బీడీ అలవాటు, క్యాంపులో పర్లేదా?

ఆత్మకూరు నుంచి: వద్దండీ. అప్పటికి నేలంతా ఎండుటాకే, ఒక్క బీడీ ముక్క చాలు కొండ అంటుకోవడానికి. అగ్గిపెట్టె మీ దగ్గరే ఉంచుకోండి, నాన్నగారికి నా మాటగా చెప్పండి.