డోమ్ కట్టడానికి ఆన్‌లైన్ కాలిక్యులేటర్ చాలదా?

మిద్దెతోట, బెంగళూరు:
మా మేడ మీద గ్రీన్ నెట్ కోసం 3 మీటర్ల రేడియస్‌తో టూ-వీ జియోడెసిక్ డోమ్ (రెండు కొలతల పైపులను త్రికోణాలుగా బిగించి కట్టే అర్ధగోళం) కట్టాలనుకుంటున్నాను. కాలిక్యులేటర్ క్షణంలో లెక్క చెప్పేసింది: 1640 మి.మీ. పైపులు 30, 1854 మి.మీ. పైపులు 35. ఆఫీసులో ఒకాయన మాత్రం ఫ్రీక్యాడ్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాకే పైపు కొయ్యమంటున్నారు. 65 పైపుల కోసం కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా? 1954లో అమెరికన్ డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఈ డోమ్‌కి పేటెంట్ తీసుకున్నప్పుడు ఈ క్యాడ్‌లు ఎక్కడున్నాయి?

పీణ్య వర్క్‌షాప్:
అక్కర్లేదండీ, కాలిక్యులేటర్ చాలు. కానీ ఆ కొలత బోల్టు నుంచి బోల్టుకు, పైపు కొసల మధ్య కాదు. కొస నొక్కి 20 మి.మీ. లోపల చిల్లు వేస్తే 1680, 1894 కొయ్యాలి. నా మొదటి డోమ్‌కి కాలిక్యులేటర్ కొలతకే కోసేశాను. చిల్లుల మధ్య 40 మి.మీ. తగ్గింది. డోమ్ చక్కగానే బిగిసింది, కానీ మేడ మీద ముందే బిగించిన పది బేస్ ప్లేట్లకూ ఆరున్నర సెంటీమీటర్లు లోపలికి వచ్చింది. స్లాబులో మళ్లీ చిల్లులు వెయ్యాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

స్ట్రక్చర్స్, చెన్నై:
అన్నా, మోడల్ కావాలని మీ అనుభవమే చెబుతోంది కదా! ఫ్రీక్యాడ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. చిల్లు ఎక్కడుందో ఒక్కసారి గీసి ఉంటే బేస్ తప్పు ముందే కనబడేది. చిన్న పైపు కొసలు సుమారు 16 డిగ్రీలు, పెద్దవి 18 డిగ్రీలు వంచాలి. కాలిక్యులేటర్ అదైనా చెబుతుందేమో గానీ గాలి సంగతి చెప్పదు. కట్టడాల మీద భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం బెంగళూరుకి సెకనుకు 33 మీటర్లు, మా చెన్నైకి 50. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇక్కడ అదే డోమ్ మీద రెండు రెట్లకు పైనే పడుతుంది. నెట్ తీసి షీట్ కప్పితే భయం ఇంకా ఎక్కువ.

పీణ్య వర్క్‌షాప్:
గాలి విషయంలో మీ మాటే నిజం, ఇంజనీరుకి చూపించాల్సిందే. అయినా ఫ్రీక్యాడ్ గాలి లెక్క తనంతట తను కట్టి ఇవ్వదు కదండీ. కొలతల దగ్గర నా మాట మారదు. మిద్దెతోట గారూ, ముందు పది పైపులే కొయ్యండి. ఐదు పెద్దవి చుట్టూ, ఐదు చిన్నవి మధ్యకు బిగించండి. చుట్టూ ఉన్న బోల్టుల మట్టం నుంచి మధ్య బోల్టు 448 మి.మీ. పైన ఉండాలి. అంతకంటే కిందికి దిగితే కొలత తప్పినట్టే. మిగతా 55 అప్పుడే కొయ్యకండి.

మిద్దెతోట, బెంగళూరు:
ఈ ఆదివారం పది పైపులతో చూస్తాను. బేస్ ప్లేట్ల చిల్లులు మాత్రం డోమ్ నిలబెట్టాకే వేస్తాను.