కోవిడ్ తగ్గి నాలుగేళ్లు దాటినా నైట్ డ్యూటీ తట్టుకోలేకపోతున్నాను, ఇన్‌ఛార్జ్‌కి ఎలా చెప్పాలి?

సిస్టర్_పద్మారావునగర్
నమస్తే అండి. పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుని. 2021 మే నెలలో కోవిడ్ వార్డులో చేస్తుండగా నాకూ వచ్చింది. ఆక్సిజన్ దాకా వెళ్లలేదు, ఇంట్లోనే తగ్గింది. పదిహేడో రోజుకే డ్యూటీకి వెళ్లిపోయాను.

అప్పటి నుంచి ఇదే వరస. నైట్ చేసిన రోజు బాగానే ఉంటాను. మర్నాడో ఆ పై రోజో మంచం దిగలేను. జడ వేసుకుందామని చెయ్యెత్తితే భుజాలు లాగేస్తాయి. సికింద్రాబాద్‌లో మెట్రో మెట్లెక్కితే గుండె దడ. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోమన్నారు.

నీరసం ఎలాగో భరిస్తాను. పోయిన నెల జరిగింది మాత్రం మనసులోంచి పోవడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక పెద్దాయన సెలైన్‌లో పొటాషియం క్లోరైడ్ ఒక యాంపూల్ కలపాలి. అటెండెంట్ పిలిస్తే వెనక్కి తిరిగి మాట్లాడాను. మళ్లీ చూస్తే ట్రేలో విరిచిన యాంపూల్స్ రెండు. ఒకటి పక్క బెడ్ వాళ్లదా, రెండూ ఇందులోనే కలిపేశానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ మందు నీళ్లలా ఉంటుంది, బాటిల్ చూసి చెప్పలేం. అది పారబోసి, పక్క వార్డు సిస్టర్‌ని నిలబెట్టుకుని కొత్తది కలిపాను. ఎక్కువైతే గుండె ఆగిపోయే మందు అండి అది.

నాది కాంట్రాక్ట్ ఉద్యోగం. చెబితే పని ఎగ్గొడుతున్నాననుకుంటారు. చెప్పకపోతే రేపు ఎవరి ప్రాణం మీదకు వస్తుందో.

ఫిజియో_తార్నాక
సిస్టర్, ఇది మీ ఊహ కాదు. శ్రమపడ్డాక ఒకటి రెండు రోజులకు ఇలా పడిపోవడం లాంగ్ కోవిడ్‌లో తరచూ కనిపించేదే. కోవిడ్ వచ్చిన మూడు నెలలకు కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బు కారణం కాని లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఇందులో చేర్చింది. దీన్ని తేల్చే రక్తపరీక్ష అంటూ ఒకటి లేదు. రిపోర్టులు బాగున్నాయని జబ్బు లేదనుకోకండి.

దడ సంగతి ఇంట్లోనే చూడొచ్చు. కాసేపు పడుకుని పల్స్, బీపీ రాసుకోండి. తర్వాత పది నిమిషాలు కదలకుండా నిలబడి నిమిషానికోసారి రాయండి. కళ్లు తిరగొచ్చు, పక్కన ఎవరైనా ఉండాలి. బీపీ పడిపోకుండా పల్స్ పడుకున్నప్పటి కంటే 30కి మించి పెరిగి అలాగే ఉంటే ‘పాట్స్’, అంటే నిలబడితే గుండె వేగం బాగా పెరిగిపోయే సమస్య కావచ్చు. ఆ కాగితంతో కార్డియాలజిస్టుని కలవండి.

ఒక్క మాట. ‘రోజూ కొంచెం కొంచెం వాకింగ్ పెంచు, ఓపిక అదే వస్తుంది’ అంటే వినకండి. 2021లో ఒకాయనకి నేనే ఆ సలహా ఇచ్చాను. వారం రోజులు మంచం దిగలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. అలసట రాకముందే ఆగాలి.

ల్యాబ్_ముషీరాబాద్
నాకు చికున్‌గున్యా తర్వాత ఏడాది పాటు పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. శాంపిల్ ట్యూబు మూత తీయడానికి పక్కవాళ్లని అడగాల్సి వచ్చేది. మీ బాధ అర్థమవుతోంది సిస్టర్.

రిటైర్డ్_హెడ్‌నర్స్
అమ్మా, ఆ బాటిల్ పారబోశావు చూడు, అక్కడే నీ మీద నమ్మకం కుదిరింది నాకు. ఆ విషయం కూడా దాచకు. పొటాషియం లాంటి మందులు ఇద్దరు చూసి కలపాలన్నది అందరికీ ఉన్న పద్ధతే.

నోటిమాటగా చెప్పకు, కాగితం మీద పెట్టు. ఏ తేదీన ఏ డ్యూటీ చేశావు, ఏ రోజు పడిపోయావు, నెల రోజులది రాయి. ‘చేతకావడం లేదు’ అని మాత్రం రాయకు. ‘వరసగా నైట్లు వద్దు, మూడు నెలలు ఓపీలో వేయండి’ అని ఏం కావాలో అడుగు. డాక్టర్ చీటీ జత చేసి, ఒక కాపీ మీద సంతకం తీసుకుని నీ దగ్గర ఉంచుకో. ఇన్‌ఛార్జ్‌గా ఉన్నప్పుడు నా దగ్గరికి ఇలా వచ్చిన అమ్మాయిల్ని నేనూ ‘అందరికీ ఉండేదేలే’ అని పంపేశాను. తప్పు చేశాను.

సిస్టర్_పద్మారావునగర్
నిన్న సాయంత్రం చూసుకున్నాను. పడుకుంటే 74. నిలబడ్డ ఎనిమిదో నిమిషానికి 112, పదో నిమిషంలోనూ అంతే. బీపీ మారలేదు. అమ్మ పక్కన కూర్చుని అంకెలు రాసింది. గురువారం కార్డియాలజీ ఓపీకి వెళ్తున్నాను. లెటర్ సగం అయింది అమ్మా, పొటాషియం సంగతి మొదటి పేరాలోనే పెట్టాను.